విక్టోరియన్ నవలల్లో కోర్టు: ఎవరి మాట విన్నారు, ఎవరిది వినలేదు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. డికెన్స్, జార్జ్ ఎలియట్, హార్డీ లాంటి విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు రచయితల నవలల నిండా దొంగలు, ఖైదీలు, లాయర్లు, ఉరికంబాలు ఎందుకున్నాయన్నది ఒకటి. షెర్లాక్ హోమ్స్ చదివిన అలవాటుతో "ఎవరు చేశారు" అని వెతుక్కుంటూ పోతే సగానికొచ్చేసరికి పట్టు సడలిపోతోంది, మరి వీటిని ఎలా చదవాలన్నది రెండోది. నేను ఇరవై నాలుగేళ్ళుగా జిల్లా స్థాయి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చేస్తున్నాను. అంతకుముందు ఇంగ్లీషు ఎమ్మే చదివాను. ఈ నవలల్ని విద్యార్థిగా ఒకసారి, ప్లీడరుగా చాలాసార్లు చదివాను. ప్లీడరుగా చదివినప్పుడే నాకు అసలు సంగతి తగిలింది కాబట్టి కాస్త పొడుగైనా దాన్నే చెబుతాను.

"ఎవరు చేశారు" అన్న ప్రశ్నని పక్కన పెట్టేయండి. వీటిలో చాలాచోట్ల ఎవరు చేశారో మనకు ముందే తెలిసిపోతుంది. దానికి బదులు "ఇక్కడ ఎవరి మాట విన్నారు, ఎవరి మాట వినలేదు" అని అడుగుతూ చదవండి. పుస్తకం మొత్తం వేరేగా కనిపిస్తుంది.

ఈ ప్రశ్న ఆనాటి ఇంగ్లండు చట్టంలోంచే వస్తుంది. 1836 వరకూ అక్కడ ఫెలనీ కేసుల్లో, అంటే దొంగతనం నుంచి హత్య దాకా పెద్ద నేరాలన్నిటిలో, ముద్దాయి తరఫు లాయరు సాక్షుల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయొచ్చు, లా పాయింటు లేవనెత్తొచ్చు, కానీ దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందం, అంటే జ్యూరీ, వైపు తిరిగి "అయ్యా, మావాడి కథ ఇదీ" అని చెప్పడానికి వీల్లేదు. ఆ ఏడాది వచ్చిన చట్టంతో లాయరుకి నోరు వచ్చింది. ముద్దాయికి మాత్రం ఇంకా రాలేదు. బోనులో నిలబడి ఏదో నాలుగు ముక్కలు చెప్పుకోవచ్చు గానీ, ప్రమాణం చేసి తన కేసులో తానే సాక్ష్యం చెప్పే హక్కు అన్ని నేరాలకూ కలిపి 1898లో గానీ రాలేదు. అప్పీలు కోర్టుకైతే 1907 దాకా చట్టమే లేదు. జ్యూరీ ఉరి అని తేలిస్తే ఇక మిగిలింది హోం సెక్రటరీకి క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవడమే. విక్టోరియా రాణి 1837లో గద్దెనెక్కి 1901లో చనిపోయింది కదా, అంటే దాదాపు ఆమె కాలమంతా ఇంగ్లండు కోర్టుల్లో, ప్రాణం ఎవరిది పోతుందో ఆ మనిషి మాటకే సాక్ష్యం విలువ లేదు. ఆ మాట ఎక్కడో ఒకచోట బయటికి రావాలి, నవలల్లోకి వచ్చింది. నాకు అర్థమైనంతలో మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే.

ఇప్పుడు డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' తీసుకోండి. 1860–61లో వచ్చింది. అందులో మాగ్విచ్ అనే పాత ఖైదీ 42వ అధ్యాయంలో తన కథ తానే చెబుతాడు, మొత్తం నవలలో నేను ఎక్కువసార్లు చదివింది ఆ అధ్యాయమే. కాంపీసన్ అని ఒక మర్యాదస్థుడు, సూటూ బూటూ, చదువూ ఉన్నవాడు, వీణ్ణి పనివాడిలా వాడుకుని దొంగ వ్యాపారాలు నడిపిస్తాడు. ఇద్దరూ దొరికిపోతారు, దొంగిలించిన నోట్లు చలామణీ చేశారని కేసు. దొరికిన వెంటనే కాంపీసన్ అనే మాట ఏమిటంటే, ఎవరి డిఫెన్సు వారిదే, మనిద్దరికీ మాటల్లేవు, అని. నా దగ్గరికి ఇలాంటి కేసులు ఎన్ని వచ్చాయో లెక్కలేదు: ఏ-1, అంటే మొదటి ముద్దాయి, చదువుకున్నవాడు, ఏ-2 కూలివాడు, సంతకాలన్నీ ఏ-2వి, లాభమంతా ఏ-1ది, కేసు బిగుసుకోగానే ఏ-1 వేరే లాయర్ని పెట్టుకుని "వీడి సావాసం వల్లే చెడిపోయాను" అంటాడు. కాంపీసన్ లాయరు సరిగ్గా అదే వాదిస్తాడు. ఇద్దర్నీ పక్కపక్కన చూడండి, ఒకడు మంచి పెంపకంలో పెరిగినవాడు, ఇంకొకడు మొదటినుంచీ జైళ్ళచుట్టూ తిరిగినవాడు, తప్పు ఎవరిదో మీకే తెలుస్తుంది, అని. కాంపీసన్‌తో చదువుకున్న పెద్దమనుషులు వచ్చి వాడి నడవడి గురించి మంచిగా చెబుతారు. మాగ్విచ్ తరఫున చెప్పడానికి ఎవరున్నారు? ఒంటిమీద బట్టలు తప్ప మిగతావన్నీ అమ్మితే గానీ జాగర్స్‌ని లాయరుగా పెట్టుకోలేకపోయాడు. తీర్పు: కాంపీసన్‌కి ఏడేళ్ళు, మాగ్విచ్‌కి పద్నాలుగు.

ఇక్కడ చిన్న మాట. కథాకాలం లెక్కేస్తే ఈ విచారణ 1836కి చాలా ముందు జరిగి ఉండాలి, అప్పటికి ఫెలనీ కేసులో లాయరు జ్యూరీకి అలా ఉపన్యాసం ఇవ్వడానికి లేదు. డికెన్స్ రాసేనాటికి ఆ పద్ధతి మారి పాతికేళ్ళు కావొస్తోంది, తను చూసిన కోర్టునే వెనక్కి తీసుకెళ్ళి పెట్టాడు. ఈ నవలల్ని చరిత్ర పుస్తకంలా నమ్మేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే: రాసిన సంవత్సరం, కథ జరిగిన సంవత్సరం రెండూ పక్కపక్కన రాసుకుని చదవండి. 'లిటిల్ డొరిట్' 1855లో మొదలైంది, అందులోని మార్షల్సీ అప్పుల జైలు 1842లోనే మూసేశారు. మరి ఎందుకు రాశాడంటే, 1824లో నలభై పౌన్ల బాకీకి వాళ్ళ నాన్నని పెట్టింది ఆ జైల్లోనే. డికెన్స్‌కి అప్పుడు పన్నెండేళ్ళు, బూట్ పాలిష్ తయారుచేసే చోట సీసాలకి కాగితాలు అంటించే పనిలో ఉన్నాడు. జైలు మూసేసినంత మాత్రాన అతని లోపల మూతపడలేదు.

మాగ్విచ్ కథకి తిరిగొద్దాం. పారిపోయి మళ్ళీ దొరికాక వాణ్ణి చివరికి జీవితాంతం ద్వీపాంతరం పంపుతారు, మనవాళ్ళని అండమాన్ పంపినట్టు వాళ్ళ నేరస్థుల్ని ఆస్ట్రేలియా పంపేవారు. 1788 నుంచి 1868 వరకూ సుమారు 1,60,000 మంది ఓడలెక్కారు. తిరిగొస్తే ఉరి. ఈ శిక్షని 1834లో తీసేశారు గానీ కథ అంతకు ముందుది. తన డబ్బుతో దొరబాబుగా మార్చిన పిప్ అనే కుర్రాణ్ణి, పెంచుకున్న ప్రేమతో చూడడానికే మాగ్విచ్ తిరిగొస్తాడు, పట్టుబడతాడు. శిక్ష వేసే రోజున కోర్టులో ముప్ఫైఇద్దరు ఆడా మగా ఒకేసారి నిలబడి ఉంటారు, అందరికీ కలిపి ఒకే మరణశిక్ష. కిటికీ అద్దాల మీద ఏప్రిల్ వాన చినుకులు, వాటి మీద ఎండ, ఆ వెలుతురు జడ్జికీ ఆ ముప్ఫైఇద్దరికీ మధ్య పరుచుకుని ఉంటుంది. అప్పుడు మాగ్విచ్, నాకు దేవుడు ముందే మరణశిక్ష వేశాడు, మీ శిక్షకి కూడా తలవంచుతున్నాను అని ఒక్క మాటంటాడు. ఉరి దాకా వెళ్ళకుండానే జైలు ఆసుపత్రిలో పోతాడు, వాడి ఆస్తంతా ప్రభుత్వం కట్టేసుకుంటుంది. ఫెలనీ రుజువైతే ఆస్తి సర్కారుదయ్యే ఆ చట్టం 1870 దాకా ఉంది. పిప్ పెట్టుకున్న ఆశలన్నీ ఆ ఒక్క చట్టంతో గాల్లో కలిసిపోతాయి. చట్టం తెలిస్తే 'గొప్ప ఆశలు' అన్న నవల పేరుకే ఇంకో అర్థం తెలుస్తుంది.

డికెన్స్‌దే 'ఆలివర్ ట్విస్ట్'లో, పిల్లదొంగల ముఠాని నడిపే ఫాగిన్ విచారణ గురించి కొంచెమే చెబుతాను. ఫాగిన్‌ని చిత్రించిన తీరులో యూదుల మీద ద్వేషం ఉంది, దాన్ని దాచిపెట్టి ఈ పుస్తకాన్ని మెచ్చుకోలేం. అయినా ఆ విచారణ దృశ్యం మాత్రం చదవాల్సిందే. చావు ఖాయమైన మనిషి జనంలో ఎవరో కుర్రాడు తన బొమ్మ గీస్తుంటే, వాడి పెన్సిల్ ముక్కు విరిగి చాకుతో చెక్కుకోవడాన్ని చూస్తూ ఉంటాడు. బోను ముందున్న ఇనప ఊచల్లో ఒకటి ఎలా విరిగిందో, దాన్ని బాగుచేస్తారో లేదో అని ఆలోచిస్తాడు. జడ్జిమెంట్ కోసం నిలబడ్డ ముద్దాయిల కళ్ళు ఫ్యాన్ మీదో గోడ మీద క్యాలెండర్ మీదో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇరవయ్యారేళ్ళ వయసుకి డికెన్స్‌కి అది తెలుసు. లాయరు గుమాస్తాగా, కోర్టు రిపోర్టరుగా పనిచేసినవాడు మరి.

జార్జ్ ఎలియట్ 'ఆడమ్ బీడ్' (1859) దగ్గరికొస్తే మాట పూర్తిగా మూగబోతుంది. హెట్టీ అనే పదిహేడేళ్ళ పల్లెటూరి పిల్ల, జమీందారు ఇంటి కుర్రాడి వల్ల గర్భవతి అవుతుంది, ఎవరికీ చెప్పుకోలేక ఊరొదిలి తిరుగుతూ బిడ్డని కని చెట్ల తోపులో వదిలేస్తుంది. కోర్టులో సాక్షులందరూ మాట్లాడతారు, బస ఇచ్చినావిడ, తోపులో బిడ్డని చూసిన కూలివాడు. హెట్టీ నోరు విప్పదు. జ్యూరీ దోషి అంటుంది. ఆ తర్వాత రెండు అధ్యాయాలకి, రాత్రిపూట జైలు చీకటి కొట్లో, డైనా అనే, మెథడిస్టు క్రైస్తవ శాఖ బోధకురాలు ఆమెని కావలించుకుని కూర్చున్నప్పుడు అసలు సాక్ష్యం బయటికొస్తుంది. గడ్డీ చెక్కముక్కలూ కప్పింది గానీ పూర్తిగా కప్పలేకపోయింది, ఎవరైనా ఏడుపు విని వచ్చి ఎత్తుకుంటారేమో అనుకుంది, కొంతదూరం వెళ్ళినా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంటే వెనక్కి వచ్చింది. హత్య చేయాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నదే ఇలాంటి కేసులో ప్రాణం. ఆ ఉద్దేశం గురించి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మాట కోర్టులో నమోదు కాలేదు, జైలు గదిలో ఇంకో ఆడమనిషి చెవిన పడింది. జార్జ్ ఎలియట్‌కి ఈ కథ ఎక్కడ దొరికిందంటే, 1802లో నాటింగ్‌హామ్‌లో మేరీ వోస్ అనే ఆమెని బిడ్డని చంపిందని ఉరితీశారు, ఆ ముందురాత్రి జైల్లో ఆమెకి తోడుగా కూర్చున్నది ఎలియట్ పిన్నిగారే, ఆవిడే చాలా ఏళ్ళ తర్వాత ఎలియట్‌కి చెప్పింది. అంటే ఆ సాక్ష్యం నోటి నుంచి నోటికి యాభై ఏడేళ్ళు ప్రయాణం చేసి అచ్చులోకి వచ్చింది.

హార్డీ ఇంకో అడుగు వేశాడు. 'టెస్' (1891)లో విచారణే చూపించడు. తన బతుకు పాడుచేసినవాణ్ణి చంపి పారిపోయిన టెస్, స్టోన్‌హెంజ్ అనే పురాతన రాళ్ళ మధ్య నిద్రపోతుంటే తెల్లారుతూ పోలీసులు చుట్టుముడతారు, నిద్ర పూర్తవనివ్వండి అని భర్త బతిమాలితే వాళ్ళు ఆగి నిలబడతారు, ఆమె లేచి నేను సిద్ధం అంటుంది. పేజీ తిప్పితే, ఉరి అయిపోయిందన్న గుర్తుగా జైలు మీద నల్లజెండా ఎగురుతుంది. మధ్యలో కోర్టు లేదు. చనిపోయినవాడు ఆమెకి ఏం చేశాడో మూడొందల పేజీలు మనం చదివాం కానీ ఏ జ్యూరీ వినలేదు. పదహారేళ్ళ వయసులో, 1856లో, డోర్చెస్టర్‌లో మార్తా బ్రౌన్ అనే ఆమెని బహిరంగంగా ఉరితీస్తుంటే హార్డీ జనంలో నిలబడి చూశాడు. తనని కొట్టిన భర్తని చంపిన మనిషి ఆమె. బహిరంగ ఉరి 1868తో ఆగిపోయింది, అందుకే టెస్ చావుని మనం దూరంగా కొండమీద నుంచి జెండాగా మాత్రమే చూస్తాం.

మీరు షెర్లాక్ హోమ్స్ పేరెత్తారు కాబట్టి డిటెక్టివ్‌ల కోసం 'ది మూన్‌స్టోన్' (1868) చెప్పాలి, అందులో మన దేశానికి నేరుగా సంబంధం ఉంది. లండన్ పోలీసు 1829లో పుట్టింది, డిటెక్టివ్ విభాగం 1842లో, మొత్తం ఎనిమిది మందితో. ఆ ఎనిమిదిమందిలో ఒకడు జాక్ విచర్. 1860లో రోడ్ హిల్ హౌస్ అనే ఇంట్లో చిన్నపిల్లాడి హత్య జరిగితే, చేసింది ఆ ఇంటి పదహారేళ్ళ అమ్మాయే, పిల్లాడికి సవతి అక్క, అని తేల్చాడు. కూలివాడి కొడుకు పెద్దింటి ఆడపిల్లని వేలెత్తి చూపిస్తాడా అని దేశమంతా అతని మీద పడింది, ఆమెని వదిలేశారు, అతని పరువు పోయింది. అయిదేళ్ళకి 1865లో ఆ అమ్మాయి తనే వచ్చి ఒప్పుకుంది. విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్'లో పెట్టిన డిటెక్టివ్ సార్జెంట్ కఫ్‌లో ఈ విచర్ ఛాయలున్నాయి, ఇంట్లో పోయిన వజ్రం గురించి అడగబోతే దొరసానులు తలుపులేసుకోవడం, మాజీ దొంగైన పనిమనిషి రోసన్నా మీద అనుమానం ముందు వాలడం అన్నీ చూడొచ్చు.

కానీ నా దృష్టిలో ఆ నవలలో పెద్ద నేరం ఇంగ్లండులో జరగలేదు. 1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం ఇంగ్లీషువాళ్ళ చేతికి పడిన రోజున, దోచుకుంటూ దొరికితే ఎవడైనా సరే ఉరే అని జనరల్ బెయర్డ్ దండోరా వేయిస్తాడు. ఆ రాత్రే హెర్న్‌కాసిల్ అనే ఇంగ్లీషు అధికారి ఆయుధశాలలో వజ్రం కోసం ముగ్గురు కాపలా బ్రాహ్మణుల్ని చంపినట్టు మనకు తెలుస్తుంది, చేతిలో రక్తం ఓడే బాకుతో అతన్ని చూసిన వరసకి తమ్ముడయ్యే అతను మాత్రం, పొడవడం నా కళ్ళతో చూడలేదు కాబట్టి నేరం మోపలేను అని ఉత్తరం రాసి ఊరుకుంటాడు. వజ్రం ఇంగ్లండులో పోతే నాలుగొందల పేజీల దర్యాప్తు. మొదటి చావుల మీద ఒక్క వాంగ్మూలం కూడా లేదు. ఆ పుస్తకం ముందుమాటలో కాలిన్స్ కోహినూర్ పేరెత్తుతాడు. అది మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకుంటూ పెరిగినవాళ్ళం, ఈ మొదటి పేజీల దగ్గర మనం మిగతావాళ్ళ కన్నా నెమ్మదిగా చదవాలి.

ట్రోలోప్ 'ఓర్లీ ఫార్మ్' లాయర్లకి నచ్చని పుస్తకం. వీలునామా ఫోర్జరీ చేసిన ఆవిడ నిర్దోషిగా బయటపడుతుంది, క్రాస్ ఎగ్జామినేషన్ అంటే నిజం చెప్పే సాక్షిని తడబడేలా చేయడమేనా అని ట్రోలోప్ కోపం. కోపం న్యాయమైనదే గానీ ప్రొసీజర్ అతనికి అంతగా తెలియదు. దాన్ని ఆఖర్న చదవండి చాలు.

ఇక నాకు అన్నిటికన్నా దగ్గరైన చోటు: డికెన్స్ 'బ్లీక్ హౌస్' (1852–53) పదకొండో అధ్యాయం. అందరూ ఈ నవలని తరాల తరబడి సాగిన సివిల్ దావా కథగా గుర్తుపెట్టుకుంటారు, ఆస్తంతా ఖర్చులకే సరిపోయి దావా దానంతటదే ఆగిపోతుంది కదా, అదీ గొప్పదే. కానీ పదకొండో అధ్యాయంలో ఒక కల్లు దుకాణం లాంటి చోట శవ విచారణ జరుగుతుంది. చనిపోయింది నకళ్ళు రాసే ఒక పేద గుమాస్తా, పేరు కూడా ఎవరికీ తెలియదు. అతనితో మాట్లాడేవాడని జో అనే కుర్రాణ్ణి పట్టుకొస్తారు, వీధి దాటేచోట బురద ఊడ్చి అణా కానీ అడుక్కునే పిల్లాడు. పేరు జో. ఇంటిపేరు ఉంటుందని కూడా తెలియదు. అమ్మా నాన్నా లేరు, బడికి వెళ్ళలేదు. చీపురు అంటే చీపురని తెలుసు, అబద్ధం ఆడడం తప్పని తెలుసు, ఆ రెండూ ఎవరు చెప్పారో గుర్తులేదు. అబద్ధం ఆడితే చచ్చాక ఏమవుతుందో సరిగ్గా చెప్పలేడు, ఏదో చాలా చెడ్డదే జరుగుతుంది, జరగాల్సిందే, అందుకని నిజమే చెబుతానంటాడు. సరిగ్గా చెప్పలేనంటే కుదరదు, ప్రమాణం అర్థం కానివాడి మాట మాకొద్దు అని శవ విచారణ నడిపే అధికారి, కరోనర్, పక్కకి పొమ్మంటాడు. ప్రమాదవశాత్తూ చావు అని తీర్పు రాసేస్తారు. అంతా లేచి కోట్లు వేసుకుంటున్నప్పుడు ఒక మూలకి పిలిచి జోని అడిగితే అప్పుడు చెబుతాడు: ఒక చలి రాత్రి గుమ్మంలో వణుకుతుంటే ఆయన వెనక్కి తిరిగొచ్చి, నీకెవరూ లేరా అని అడిగి, నాకూ ఎవరూ లేరు అని, తిండికీ పడుకోడానికీ డబ్బులిచ్చాడు. ఆ చనిపోయిన మనిషి గురించి ఆ గదిలో నిజంగా తెలిసిన సంగతి ఇదొక్కటే. రికార్డులోకి ఎక్కలేదు. ఇది ఊహించి రాసింది కూడా కాదు, 1850 జనవరిలో లండన్ గిల్డ్‌హాల్లో జార్జ్ రూబీ అనే పద్నాలుగేళ్ళ ఊడ్చే కుర్రాణ్ణి ఇలాగే సాక్షిగా పనికిరావని పంపేశారు, పేపర్లలో వచ్చింది.

ఈ డికెన్స్‌ని ఒక లాయరు గట్టిగా తిట్టాడు. పేరు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. నవలాకారులు ప్రభుత్వం గురించి ఏమీ తెలియకుండా సంస్థల మీద రాస్తున్నారని 1857లో 'ఎడిన్‌బరో రివ్యూ'లో 'లిటిల్ డొరిట్' మీద విరుచుకుపడ్డాడు. ఆయనే తర్వాత వైస్రాయి కౌన్సిల్లో లా మెంబరుగా మన దేశం వచ్చి 1872 భారత సాక్ష్యాధారాల చట్టం రాశాడు. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చేదాకా నేను రోజూ బ్యాగులో మోసిన పుస్తకం అది. దాని 118వ సెక్షన్ చూడండి: అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని సరైన జవాబు ఇవ్వగలిగితే ఎవరైనా సాక్షే. వయసు అడ్డం కాదు, మతం తెలియకపోవడం అడ్డం కాదు. డికెన్స్‌ని తిట్టినాయన రాసిన చట్టం కింద జో సాక్ష్యం చెప్పగలిగేవాడు. కొత్త చట్టంలో కూడా ఆ మాటలు ఉన్నాయి.

కొన్నేళ్ళ కిందట ఒక హత్య కేసులో నేను ముద్దాయి తరఫున ఉన్నాను. ప్రాసిక్యూషన్ సాక్షి తొమ్మిదేళ్ళ పిల్లాడు. పన్నెండేళ్ళలోపు వాళ్ళకి ప్రమాణం అవసరం లేదు గానీ, చెప్పేది అర్థమవుతోందా లేదా అని జడ్జిగారు ముందు తానే నాలుగు ప్రశ్నలు అడుగుతారు. పేరు, క్లాసు, టీచరు పేరు అయ్యాక "అబద్ధం ఆడొచ్చా?" అన్నారు. "ఆడకూడదండి." "ఎవరు చెప్పారు నీకు?" వాడు కాసేపు ఆలోచించి "ఎవరూ చెప్పలేదండి, నాకే తెలుసు" అన్నాడు. జడ్జిగారు సాక్షిగా పనికొస్తాడని రాయించారు. వాడి మాట పనికిరాదని వాదించడానికి నేను రాత్రంతా కూర్చుని తయారుచేసుకున్న కాగితం ఫైల్లోనే ఉంచేశాను. క్రాస్‌లో వాడు చూసిన వెలుతురు గురించి, దూరం గురించి మాత్రమే అడిగాను.

మొదలుపెట్టడానికి 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' తీసుకోండి, చిన్నది, భాష కూడా తేలిక. తర్వాత 'ఆడమ్ బీడ్', దాని మొదటి సగం పల్లె జీవితం మెల్లగా నడుస్తుంది, ఓపిక పట్టండి, ఆ పాలు, వెన్న, పొలం పనులన్నీ తెలిసి ఉంటేనే ఆ జైలు గదిలో మాటలు బరువుగా తగులుతాయి. 'మూన్‌స్టోన్' మధ్యలో ఎప్పుడైనా చదువుకోవచ్చు. 'బ్లీక్ హౌస్' మొత్తం చదివే తీరిక లేకపోతే పదకొండో అధ్యాయం విడిగా చదవండి, ఇరవై నిమిషాలు పడుతుంది, చదివాక జో గురించి మీకేమనిపించిందో నాకు చెప్పండి.